54 మి.మీ. సవారు బొమ్మకి గోధుమ చేను బేస్: పైరు ఎంత ఎత్తు పెట్టాలి, దేంతో చేయాలి?

గుంటూరు_సవారు

అందరికీ నమస్తే. 54 మి.మీ. రెసిన్ బొమ్మ ఒకటి చేస్తున్నా, 20వ డెక్కన్ హార్స్ అనే గుర్రపుదళం సవారు, గుర్రం మీద బల్లెం పట్టుకుని దౌడు తీస్తున్న పోజు. 1916 జులై 14 సాయంత్రం, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సొమ్ యుద్ధం, హైవుడ్ అనే అడవి దగ్గర వీళ్ళూ బ్రిటిష్ గుర్రపుదళం 7వ డ్రాగూన్ గార్డ్స్ వాళ్ళూ పంట చేల మీదుగా బల్లేలతో దూసుకెళ్ళారు, పైర్లో దాక్కున్న జర్మన్లని అక్కడే పొడిచారు. 1790లో హైదరాబాద్‌లో మొదలైన రెజిమెంట్ ఇది, మన తెలుగు మోడలర్లు ఎవరూ దీన్ని పెద్దగా చేసినట్టు కనపడలా, అందుకే ఇది బాగా రావాలని నాకు గట్టిగా ఉంది.

బొమ్మ పెయింటింగ్ దాదాపు అయిపోయింది, బేస్ దగ్గరే ఆగా. మనకి మిర్చి చేను, పత్తి చేను, వరి పొలం కళ్ళు మూసుకుని చెప్పమన్నా చెప్తాం గానీ గోధుమ చేను దగ్గర నిలబడి చూసింది లేదు. వీడియోల్లో అందరూ కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ కోసి పెట్టేస్తున్నారు, అది ఈ సైజు బొమ్మకి సరిపోతుందా? పైరు ఎంత ఎత్తు ఉండాలి, ఏ రంగు? మట్టికి మా ఊరి నల్లరేగడి జల్లించి వాడొచ్చా? చెక్క బేస్ 12 సెం.మీ. x 9 సెం.మీ., సామాను గుంటూరులో గానీ బెజవాడలో గానీ దొరికేదయితే మంచిది.

లంక_మాగాణి

తమ్ముడూ ముందు ఎత్తు సంగతి తేల్చుకో, మిగతావన్నీ దాని వెనకే వస్తయ్. ఇప్పుడు ఫోటోల్లో కనపడే గోధుమ అంతా పొట్టి రకాలు, మోకాలి పైనుంచి నడుం దాకా ఉంటది, ఆ పొట్టి రకాలు ప్రపంచంలో బాగా పాకింది 1960ల్లో. 1916లో వేసినవి పాత పొడుగు రకాలు, 120 సెం.మీ. పైమాటే, మనిషి ఛాతీ దాకా వచ్చేవి. మన వరి కూడా అంతే కదా, ఐఆర్8 అనే పొట్టి రకం రాకముందు పాత రకాలు ఎంత ఎత్తు పెరిగి పడిపోయేవో పెద్దోళ్ళని అడుగు. నీ స్కేలు 1/32 అనుకుంటే 120 ని 32 తో భాగించు, 3.75 సెం.మీ. వచ్చింది. అంటే నాలుగు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. డోర్‌మ్యాట్ పీచు మామూలుగా దాంట్లో సగం దాకానే ఉంటది, అది 28 మి.మీ. గేమింగ్ బొమ్మలకి సరిపోద్ది, నీకు చాలదు.

రెండోది నెల. జులై మధ్య అంటే అక్కడ ఇంకా కోతకి రాలా, ఆగస్టులో కోస్తారు. కాబట్టి క్యాలెండర్ బొమ్మలో ఉండే నిండు బంగారం రంగు వేయొద్దు, మొదలు దగ్గర ఇంకా ఆకుపచ్చ, పైకి వచ్చే కొద్దీ పసుపు తిరుగుతా ఉండాలి. మూడోది కంకి. మన చెయ్యి వరి కంకికి అలవాటు పడి ఉంటది, తెలియకుండానే వంచేస్తాం. గోధుమ కంకి నిటారుగా నిలబడుద్ది, బాగా పండాక కాస్త తల వాలుస్తదంతే. ఈ ఒక్కటి తప్పితే చూసినోళ్ళు ఇది తెనాలి పొలం అనేస్తారు. సాళ్ళు కూడా చూసుకో, గొర్రుతో విత్తినట్టు వరసల్లో, నీ స్కేల్లో వరసకీ వరసకీ అర సెంటీమీటరు చాలు.

బెజవాడ_బ్రష్

పైన అన్న చెప్పిన ఎత్తుకి పురికొసని మించింది లేదు బ్రో. వన్‌టౌన్‌లో తాళ్ళ షాపుల్లో ఉండ కొనుక్కో, మీ పట్నంబజారులో కూడా దొరుకుద్ది. నైలాన్ కలిసింది కాకుండా అచ్చం జనపనారది చూసి తీసుకో, రంగు దానికే పడుద్ది.

పద్ధతి ఇది. 5 సెం.మీ. ముక్కలు కోసి పురి విప్పేయ్, తడిపి పాత దువ్వెనతో దువ్వు, తడి మీదే బరువు కింద పెట్టి ఆరనివ్వు, అప్పుడు ఉంగరాలు పోయి నార తిన్నగా వస్తది. ఈ స్టెప్ వదిలేస్తే మాత్రం చేను కాదు, దుబ్బు గడ్డి వస్తది. తర్వాత ఫ్యాబ్రిక్ కలర్ గానీ అక్రిలిక్ గానీ బాగా పలచన చేసి ముంచు, ఒకటే గిన్నె వద్దు, మూడు నాలుగు గిన్నెల్లో ఆకుపచ్చ ఎక్కువది, పసుపు ఎక్కువది, అసలు రంగు వేయనిది కూడా కొంత ఉంచుకుని ఆరాక అన్నీ కలిపెయ్, అప్పుడే నిజం పైరు రంగు. ఇప్పుడు ప్లాస్టిక్ షీటు మీద ఫెవికాల్ ఎంహెచ్ ఒక గీతలా పెట్టి దాని మీద నార పక్కపక్కనే పరిచెయ్, పల్చగా, ఒకదాని మీద ఒకటి పడకుండా. ఆరాక ఊడదీస్తే మామిడాకుల తోరణంలా పట్టీ వస్తది. పైన కత్తెరతో కోస్తే గీత గీసినట్టు అయిపోద్ది కాబట్టి అక్కడక్కడా ఎక్కువ తక్కువ చేసి కోయ్.

కంకికి పైన 3 మి.మీ. మాత్రం ఫెవికాల్ అద్ది సన్నటి రంపపు పొట్టు, గుడ్డలో జల్లించింది, చల్లు. నిజం కంకి 8-10 సెం.మీ. ఉంటది కాబట్టి 3 మి.మీ. దాటొద్దు. బొంబాయి రవ్వ వాడమని కొందరు చెప్తారు, మన వాతావరణంలో దాని జోలికి పోవద్దు, చీమలు రాకపోతే పురుగు వస్తది.

ప్రతి మొక్కా లెక్కపెట్టి పెట్టాలని కూర్చోకు, నిజం చేలో చదరపు మీటరుకి కంకులు వందల్లో ఉంటయ్, నీ స్కేల్లో చదరపు మీటరంటే 3 సెం.మీ. చదరం. దట్టంగా కనపడితే చాలు.

పొణికి_పొడి

మట్టి గురించి నేను చెప్తా. నల్లరేగడి వద్దండి. ఎందుకంటే సొమ్ ప్రాంతం మొత్తం సుద్దనేల, పైన గోధుమరంగు మట్టి ఒక పొర, కింద తెల్లటి సుద్ద. యుద్ధం ఫోటోల్లో కందకాల అంచులు, గుండ్లు పడిన గుంటలు తెల్లగా కనపడేది అందుకే. నల్లమట్టి పెడితే ఆ నేల కాకుండా పోతుంది, మీరు సవారు తలపాగా దగ్గర్నుంచి అంత శ్రద్ధగా చేసి నేల దగ్గర వదిలేయకూడదు. లేత గోధుమరంగు మట్టి తీసుకోండి, పెనం మీద బాగా వేయించండి, చెమ్మా పోతుంది, గుడ్లూ పురుగులూ ఏమన్నా ఉంటే పోతాయి. సుద్దముక్క నలిపి చిన్న చిన్న పలుకులు అక్కడక్కడా కలపండి, గుర్రం డెక్కలు తవ్విన చోట కాస్త ఎక్కువ.

నేల ఎత్తుపల్లాలకి మాది కొండపల్లి పద్ధతి. మా బొమ్మల్లో ముక్కకీ ముక్కకీ మధ్య అతుకులకి చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి ఉడికించిన మక్కు వాడతాం, బేస్‌కి కూడా అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆరాక ఉలితో చెక్కొచ్చు, పట్టీలు నిలబెట్టడానికి గాడి తీయొచ్చు. అంత ఓపిక లేకపోతే ఫెవికాల్‌లో పొట్టు కలిపి ముద్ద చేసుకోండి, పని జరుగుతుంది. ఇంకో మాట, కింద థర్మాకోల్ పెడితే స్ప్రే పెయింట్ కొట్టొద్దు, ఫెవిక్విక్ కూడా తగలనివ్వొద్దు, రెండూ దాన్ని కరిగించేస్తాయి.

మట్టి చల్లాక పైన ఫెవికాల్ నీళ్ళు, సగానికి సగం, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి డ్రాపర్‌తో వదలండి. ఆ చుక్క లేకపోతే నీళ్ళు మట్టి మీద ముత్యాల్లా నిలబడి గుంటలు పడతాయి. వానాకాలంలో ఒక రోజులో ఆరిందనుకోవద్దు, లోపల తడి ఉండగా మూత పెడితే బూజు ఖాయం.

గుంటూరు_సవారు

అందరికీ చాలా థ్యాంక్స్, సుద్దనేల సంగతి నాకు అసలు తట్టలేదు, నల్లమట్టి జల్లించి డబ్బాలో పెట్టేశా కూడా, అది ఇంకో బొమ్మకి ఉంచుతా. కానీ ఇప్పుడు కొత్త డౌట్. గుర్రం భుజం దగ్గర ఎత్తు 4.8 సెం.మీ. వచ్చింది. పైరు 3.75 అంటే కాళ్ళు మొత్తం, పొట్ట కూడా కనపడదు, సవారు బూటు కూడా పైర్లోనే. అంత దౌడు పోజు చెక్కిన బొమ్మ, కాళ్ళ కండలు ఎంత బాగున్నాయో, అవన్నీ పైర్లో పాతిపెట్టాలా? పైరు కాస్త పొట్టిగా చేస్తే తప్పా?

పాతబల్లెం

పొట్టి చేయకు బాబూ. ఆ రోజు పైరు అంత ఎత్తు ఉండబట్టే జర్మన్లు అందులో దాక్కోగలిగారు, దాన్ని నడుం కిందకి తెస్తే ఆ సాయంత్రం జరిగిన కథే అర్థం కాదు. 1815లో వాటర్లూ యుద్ధానికి రెండు రోజుల ముందు బెల్జియంలో కాత్రబ్రా దగ్గర కూడా ఇంతే, మనిషెత్తు రై అనే ధాన్యం పైర్లో ఎదుటి గుర్రపుదళం మీద పడేదాకా కాల్బలానికి కనపడలేదు. యూరప్ యుద్ధాల్లో పైరు అంటే వట్టి అలంకారం కాదు, గోడ.

మార్చాల్సింది ఎత్తు కాదు, చోటు. బేస్‌ని మూలగా రెండుగా చెయ్, వెనక సగం పైరు, ముందు సగం గట్టూ బాటా. గుర్రం పైర్లోంచి బయటికి వస్తున్నట్టు పెట్టు, ముందు కాళ్ళూ ఛాతీ ఖాళీ నేల మీద, వెనక కాళ్ళు ఇంకా పైర్లో. చూసేవాడికి సగం కనపడుతుంది, పైరు ఎంత ఎత్తుందో గుర్రమే కొలిచి చెప్తుంది. వెనక పైరు గుర్రం వచ్చిన దారిలో మాత్రం తొక్కి ఉండాలి, పక్కకి కాదు, గుర్రం పరిగెత్తే దిక్కుకే వాలి ఉండాలి. పట్టీలు బేస్ అంచు దాకా తీసుకెళ్ళి అక్కడ నిలువునా కోసెయ్, అంచు దగ్గర పల్చబడితే కుండీలో మొక్కలా ఉంటుంది, కోసేస్తే చేను ఇంకా అటు సాగుతున్నట్టు కంటికి అనిపిస్తుంది.

ఇంకో చిన్న విషయం, నేమ్‌ప్లేట్ మీద హైదరాబాద్ లాన్సర్స్ అని రాయకు, చాలామంది కలిపేస్తారు. అది నిజాం సొంత సైన్యం నుంచి వెళ్ళిన దళం, సినాయ్, పాలస్తీనా వైపు పనిచేసింది. డెక్కన్ హార్స్ వేరు, అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ రెజిమెంట్, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధంలో ఖేంకరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో షెర్మన్ ట్యాంకులతో పోరాడింది కూడా వాళ్ళే. అక్కడ చెరుకు తోటలు. దాని మీద కూడా ఎవరన్నా ఒక బేస్ చేస్తే చూడాలనుంది నాకు.

బెజవాడ_బ్రష్

పాతబల్లెం గారి ప్లాన్ సూపర్ అండి. అలా అయితే పని వరస ఇలా పెట్టుకో బ్రో: ముందు గుర్రం నేల మీద ఆనే డెక్కలో సన్న డ్రిల్లుతో బెజ్జం వేసి జెమ్ క్లిప్ తీగ దించు, నేల ఆరాక గుర్రాన్ని ఒకసారి గుచ్చి చూసుకుని తీసేయ్. తర్వాత వెనక నుంచి ముందుకి పట్టీలు నిలబెట్టుకుంటూ రా, గుర్రం వచ్చే చోట ఖాళీ వదులు. గుర్రాన్ని పర్మనెంట్‌గా అతికించాక మాత్రమే వెనక కాళ్ళ చుట్టూ చివరి కుచ్చులు ట్వీజర్‌తో పెట్టు. తొక్కిన దారికి పలచటి ఫెవికాల్ నీళ్ళు బ్రష్‌తో తడిపి స్పూన్ వెనకతో వాల్చి అదుము, ఆరేదాకా పైన ప్లాస్టిక్ కవర్ వేసి చిన్న బరువు పెట్టు. బల్లెం అన్నిటికంటే ఆఖర్న, లేకపోతే చెయ్యి తగిలి విరగడం గ్యారంటీ.

గట్టు మీద పొట్టి గడ్డికి స్టాటిక్ గ్రాస్, అంటే కరెంట్ చార్జితో నిలబడే సన్న నార గడ్డి, బాగుంటుంది, దోమల బ్యాట్ విప్పి అప్లికేటర్ చేసుకుంటారు కదా, అదే. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో కరెంట్ ఉంటది, జాగ్రత్త.

గుంటూరు_సవారు

మూలగా కోసే ఐడియా చాలా నచ్చింది, కాగితం మీద గీసి చూశా, బొమ్మ కూడా బాగా కూర్చుంటోంది. ఆఖరి ప్రశ్న, అక్కడి చేలల్లో ఎర్ర పాపీ పూలు ఉంటాయి కదా, పెట్టమంటారా?

లంక_మాగాణి

పెట్టు, కానీ గట్టు వారనే, పైరు పల్చగా ఉన్న చోట. ఎండ తగిలే చోటే మొలిచే కలుపు మొక్క అది, దట్టమైన చేను నడిమధ్యలో పెడితే అతికించినట్టు తెలిసిపోద్ది. పువ్వు నిజంగా 6-7 సెం.మీ. వెడల్పు, అంటే నీకు 2 మి.మీ., ఎర్ర టిష్యూ కాగితం నాలుగు రేకులుగా కోసి మధ్యలో నల్ల చుక్క పెట్టు, కాడకి ఆ పురికొస నారే ఆకుపచ్చ వేసి వాడు. నాలుగైదు చాలు. మరీ ఎక్కువైతే చూపంతా పూల మీదకి పోయి సవారుని ఎవరూ చూడరు. నీలం పూలు కూడా ఉంటయ్ అక్కడ, ఒకటో రెండో కలుపు. పట్టీలు పెట్టాక ఫోటో వెయ్, కంకులు నిటారుగా ఉన్నాయో లేదో చూసి చెప్తా.