విండోస్ 10 నుంచి లినక్స్ మింట్‌కి: ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
6వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ల్యాప్‌టాప్. విండోస్ 11కి అర్హత లేదు, 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ ఉంచుకునే లినక్స్ మింట్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేయాలి. అను ఫాంట్లలో (పాత తెలుగు డీటీపీ ఫాంట్లు) చేసిన పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లున్నాయి. ఎలా మొదలుపెట్టాలండీ?

జవాబు 1:
ముందు బ్యాకప్, అదీ బయటి డిస్క్‌లో. తర్వాత విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్), ఫాస్ట్ స్టార్టప్ రెండూ ఆపండి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా డ్రైవ్ సగం నిద్రలోనే ఉంటుంది. మింట్ నుంచి చదవగలరు గానీ రాయలేరు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని 60 జీబీ తగ్గించి ఖాళీగా వదిలేయండి. రూఫస్ అనే టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైల్) ఎక్కించి, దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, సౌండ్ పరీక్షించండి. ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' జోలికి మాత్రం వెళ్లకండి, మొత్తం పోతుంది.

జవాబు 2:
ఇన్‌స్టాలర్‌కి ఎస్ఎస్‌డీ కనబడకపోతే బయాస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగ్స్) సాటా మోడ్ (డిస్క్ పనిచేసే పద్ధతి) రెయిడ్‌లో ఉన్నట్టే అనుకోండి. దాన్ని నేరుగా ఏహెచ్‌సీఐకి (మింట్ గుర్తించే మోడ్) మారిస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌లోని బూట్ సెట్టింగ్స్ టూల్ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయాస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చి, సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్ తీసేయండి.

జవాబు 3:
అను ఫైళ్ల కోసం విండోస్ ఉంచుకోవడమే మేలు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర ప్రమాణం) కావు, మింట్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలే. కొత్త రాతకి కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్) వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టాలంటే ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసుకోండి. విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే కంగారొద్దు: మింట్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీగా (ఇండియా టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) తీసుకుంటుంది, మింట్‌లో దాన్ని లోకల్ టైమ్‌కి మార్చండి.