స్విచ్ లైట్‌లో నింజా గైడెన్ సిగ్మా: మురాయ్ దగ్గరే ఆట ఆగిపోతోంది, సలహా కావాలి

ప్రశ్న (హనుమకొండ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా అన్నయ్య వాడిన స్విచ్ లైట్ (నింటెండో వారి చేతిలో పట్టుకుని ఆడే ఆటల యంత్రం) ఈ మధ్యే నా చేతికి వచ్చింది. అందులో నింజా గైడెన్ మాస్టర్ కలెక్షన్ అనే ఆటల సంకలనం ఉండటంతో, వరుసలో మొదటిదైన సిగ్మాతోనే మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం చివర నంచాకులు (గొలుసుతో కలిపిన జంట కర్రలు) పట్టుకుని ఎదురయ్యే మురాయ్ అనే పెద్దాయనను దాటడం నా వల్ల కావడం లేదు. నేను ఎంత వేగంగా బటన్లు నొక్కినా ఆయన నా కత్తి దెబ్బలను సులువుగా ఆపేస్తున్నాడు, ఆయన దెబ్బలు మాత్రం నాకు తగులుతూనే ఉన్నాయి. దెబ్బలను ఆపే గార్డు బటన్ పట్టుకుని కదలకుండా నిలబడదామన్నా, నేను ఆడించే నింజా ర్యూ హయబుసా కొన్నిసార్లు దానంతటదే పక్కకు దొర్లిపోతున్నాడు. లోపం నా ఆటలో ఉందా, యంత్రంలో ఉందా అర్థం కావడం లేదు. మధ్యాహ్నం పూట ఆడితే వెనక భాగం బాగా వేడెక్కుతోంది కూడా. తెలిసిన అన్నలు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (కాజీపేట నుంచి)

తమ్ముడూ, ర్యూ దానంతటదే దొర్లుతున్నాడని రాశావు చూడు, అసలు ఆధారం అక్కడే ఉంది. సిగ్మాలో గార్డు బటన్ పట్టుకుని ఎడమ స్టిక్‌ను ఏ వైపు వంచితే ఆ వైపుకు దొర్లడం జరుగుతుంది. అంటే నువ్వు గార్డులో ఉన్న సమయంలో స్టిక్ ఎటో ఒకవైపు వంగినట్టు యంత్రానికి తెలుస్తోంది. నీ బొటనవేలు తెలియకుండా స్టిక్‌ను నెడుతూ ఉండవచ్చు, లేదా వేలు పెట్టకపోయినా స్టిక్ అరిగిపోయి తప్పుడు సంకేతం పంపుతూ ఉండవచ్చు. రెండోదాన్నే అందరూ డ్రిఫ్ట్ అంటారు.

ఈ రెండింటిలో ఏది నిజమో ముందు తేల్చుకో. శత్రువులు లేని చోట ఆటను అలాగే ఉంచి, యంత్రాన్ని బల్ల మీద పెట్టి, చేతులు పూర్తిగా తీసేసి కాసేపు చూడు. ర్యూ అడుగు కదిలాడంటే అది డ్రిఫ్టే. ఆ తరువాత సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్ అనే విభాగంలోకి వెళ్ళి, కాలిబ్రేట్ కంట్రోల్ స్టిక్స్ తెరిచి, ఎడమ స్టిక్‌ను ఎంచుకో. స్టిక్‌ను వదిలేసినప్పుడు తెర మీది గుర్తు వృత్తం నడిమధ్యలో నిలవాలి. అది పక్కకు జరిగి ఉంటే అక్కడే కాలిబ్రేషన్ పూర్తి చెయ్యి. కొద్దిపాటి తేడా అయితే దానితోనే సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే స్టిక్ మార్పించాల్సిందే. మామూలు స్విచ్‌లో పక్కన తగిలించే కంట్రోలర్ అయిన జాయ్‌కాన్‌ను ఊడదీసి వేరేది తగిలించుకోవచ్చు గానీ, లైట్‌లో స్టిక్‌లు యంత్రంలోనే కలిసిపోయి ఉంటాయి. దాన్ని ఇంట్లో మామూలు స్క్రూడ్రైవర్‌తో తెరవాలని చూడవద్దు. వెనక ఉన్న స్క్రూల తలలకు మూడు గాట్లు ఉంటాయి, వాటికి తగిన పరికరం లేకుండా తిప్పితే తలలు అరిగిపోయి తరువాత బాగుచేసేవారికి కూడా పని కష్టమవుతుంది. అంతవరకు వైర్‌లెస్ కంట్రోలర్ ఏదైనా దొరికితే లైట్‌కు కలిపి ఆడుకోవచ్చు, కానీ లైట్‌కు వెనక స్టాండు ఉండదు కాబట్టి యంత్రాన్ని దేనికైనా ఆనించి పెట్టుకోవాలి.

ఇక మురాయ్ సంగతి. ఈ ఆటను మొదట 2004లో ఎక్స్‌బాక్స్ కోసం టీమ్ నింజా వారు తయారు చేశారు, దాన్నే 2007లో సిగ్మాగా మెరుగుపరచి ప్లేస్టేషన్ 3కి తెచ్చారు. అప్పటినుంచీ కొత్తగా ఆడేవారిని మురాయ్ ఇలాగే ఆపుతున్నాడు. బటన్లు వేగంగా నొక్కే అలవాటును మాన్పించడానికే ఆయనను మొదటి అధ్యాయంలో పెట్టారని నేను నమ్ముతాను. నువ్వు ముందుగా కొట్టవద్దు. కొంచెం దూరంలో గార్డు పట్టుకుని నిలబడి, ఆయన నంచాకుల వరుస దెబ్బలన్నీ గార్డు మీదనే పడనివ్వు. ఆ వరుస ముగిసి ఆయన చేయి ఆగిన క్షణంలో రెండు మూడు దెబ్బలు మాత్రమే వేసి, వెంటనే మళ్ళీ గార్డులోకి వచ్చెయ్యి. నాలుగో దెబ్బకు ఆశపడ్డావంటే మళ్ళీ ఆయన వంతు వచ్చేస్తుంది. గార్డు అన్నిటినీ ఆపుతుందని కూడా అనుకోవద్దు, ఎందుకంటే ఈ ఆటలో చేతితో పట్టి విసిరే పట్టును గార్డు ఆపలేదు. కాబట్టి ఆయన దెబ్బ వేయకుండా మీద మీదకు వస్తున్నట్టు కనిపిస్తే పక్కకు దొర్లి తప్పుకో. ఇందుకు స్టిక్ నీ మాట వినాలి, అందుకే ముందుగా దాని గురించి అంత వివరంగా రాశాను.

వేడి విషయం. స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల ఉష్ణోగ్రతలో వాడాలని తయారీదారులే చెప్పారు. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాలు 40 దాటుతాయి. అలాంటప్పుడు చార్జింగ్ పెట్టి ఆడటం, దిండు మీద గాని బొంత మీద గాని పెట్టి ఆడటం రెండూ మానెయ్యి. పైన గాలి బయటకు వెళ్ళే సందు మూసుకుపోకుండా చూసుకో. కూలర్ ముందు ఆడేవారు నేరుగా తడిగాలి తగిలేలా కూర్చోకూడదు, తేమ కూడా యంత్రానికి మంచిది కాదు.

మరో సభ్యుని మాట (కరీంనగర్ నుంచి)

పైన అన్నగారు చెప్పినదంతా సరైనదే. ఒక్క విషయం కలుపుతున్నాను. ఆట కథ చూడాలన్నదే ముఖ్యమైతే, కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు హీరో మోడ్ ఎంచుకోవచ్చు. అందులో ప్రాణం బాగా తగ్గినప్పుడు గార్డు సంగతి ఆటే చూసుకుంటుంది. ఉద్యోగం నుంచి అలసి వచ్చి అరగంట ఆడేవారికి అది చాలా మేలు.

ప్రశ్నించిన వారు

అన్నయ్యా, కాలిబ్రేషన్ చేశాక దొర్లడం పూర్తిగా ఆగింది, ధన్యవాదాలు. మురాయ్ ఇంకా మిగిలే ఉన్నాడు. అయితే గార్డు బటన్‌ను అంతసేపు పట్టుకుంటే చూపుడు వేలు నొప్పి పుడుతోంది. వారం వారం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్ళేటప్పుడు ఆడాలని నా కోరిక. రైలు కుదుపుల్లో ఈ ఆట సాధ్యమేనా?

జవాబు (కాజీపేట నుంచి)

వేలి నొప్పికి మార్గం ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన సిస్టమ్ అప్‌డేట్ నుంచి బటన్ల స్థానాలు మార్చుకునే వీలు కల్పించారు. అదే కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్ విభాగంలో చేంజ్ బటన్ మ్యాపింగ్ ఉంటుంది. గార్డును నీ వేలికి సుఖంగా అందే బటన్‌కు మార్చుకో. కానీ ఆ మార్పు అన్ని ఆటలకూ వర్తిస్తుందని గుర్తుంచుకో.

రైలులో మురాయ్ లాంటి కొత్త బాస్‌తో (పెద్ద శత్రువుతో) తలపడవద్దని నా సలహా. కుదుపుకు వేలు జారడం ఒక ఇబ్బంది, కిటికీ వైపు కూర్చుంటే ఎండ తెర మీద పడి శత్రువు చేయి ఎప్పుడు లేచిందో కనిపించకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది. ఇంట్లో ఇప్పటికే దాటిన చోట చిన్న శత్రువులతో సాధన చెయ్యడానికి మాత్రం ఆ ప్రయాణం బాగా పనికొస్తుంది. వారు చనిపోయినప్పుడు వెలువడే ఎసెన్స్‌లలో (వెలుగు బంతుల్లాంటి వాటిలో) పసుపు రంగుది డబ్బు, నీలం ప్రాణం, ఎరుపు నిన్‌పో (నింజా మంత్రవిద్య) శక్తి. అవి దగ్గరలో ఉండగా బలమైన దెబ్బ బటన్‌ను నొక్కి పట్టుకుంటే వాటి శక్తితో పెద్ద దెబ్బ త్వరగా సిద్ధమవుతుంది. దానికి చేయి అలవాటు పడితే రెండో అధ్యాయం నుంచి నీకు చాలా తేలికవుతుంది. బోగీలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, జనగామ దాటాక చార్జింగ్ ఎంత ఉందో ఒకసారి చూసుకో. లైట్‌కు ఆటను బట్టి 3 నుంచి 7 గంటల వరకే చార్జింగ్ నిలుస్తుంది, వాడిన యంత్రం కాబట్టి నీది ఇంకా తక్కువే రావచ్చు.