వడి, వేగం: పాఠంలో రెండు, మాటలో ఒకటి

సుబేదారి:
తొమ్మిదో తరగతి చలనం పాఠంల వడి, వేగం అని రెండు మాటలున్నయి. ఇంట్ల మాట్లాడేటప్పుడు బండి వేగం అంటం, స్పీడు అంటం, తేడా ఎవ్వరం చూడం. నిఘంటువుల చూస్తే వడి అంటే వేగమనే రాసి ఉంటది. ‘దిశ ఉంటే వేగం, లేకుంటే వడి’ అని పిల్లలు బట్టీ పడుతున్నరు గానీ లెక్క ముందర పెట్టంగనే తప్పుతున్నరు. ఈ మాటలు ఎట్ల విడగొట్టి చెప్పాలె?

నక్కలగుట్ట:
ఆ తేడా భాషలో లేదు సార్, శాస్త్రం అవసరానికి పెట్టుకున్నది. వడి మన తెలుగు మాట, వేగం సంస్కృతం నుంచి వచ్చింది. ఒకే అర్థానికి రెండు మాటలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఒకటి అదిశకు (దిశ లేని రాశికి), ఒకటి సదిశకు (దిశ ఉన్న రాశికి) ఇచ్చారు. పాత పద్యాల్లో వెతికితే ఈ విభజన దొరకదు. మన బమ్మెర పోతన గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి నడకను ‘కడువడిఁ జను’ అంటాడు. అక్కడ వడి అంటే తొందర, అంతే. ఆ పద్యంలోనే ఆమె ఆగడం, తడబడుతూ మళ్లీ అడుగు వేయడం కూడా ఉన్నాయి. తక్షణ వడి, అంటే ఆ క్షణపు వడి, మారుతూ పోవడానికి అంతకంటే మంచి చిత్రం ఏముంటుంది గానీ, అది వేరే ముచ్చట.

ఛందస్సులో వడి అంటే యతి. ఆ అర్థాన్ని ఇక్కడికి లాక్కురావద్దని ముందే మనవి.

మడికొండ:
బట్టీ పట్టిన నిర్వచనం లెక్కలో ఎందుకు పనికిరాదంటే, తేడా మొదలయ్యేది వడి దగ్గర కాదు, ఒక మెట్టు కింద, దూరం దగ్గర. నడిచిన దారి మొత్తం పొడవు దూరం. మొదలైన చోటు నుంచి చేరిన చోటికి గీసిన సూటి గీత స్థానభ్రంశం. దూరాన్ని కాలంతో భాగిస్తే సరాసరి వడి, స్థానభ్రంశాన్ని భాగిస్తే సరాసరి వేగం. ఈ రెండూ విడిపోతే పైవి వాటంతట అవే విడిపోతాయి.

పిల్లలను 400 మీటర్ల ట్రాక్ దగ్గరికి తీసుకుపోండి. హనుమకొండ స్టేడియం ఉండనే ఉంది. ప్రామాణిక ట్రాక్‌లో ఒక్కో తిన్నని భాగం 84.39 మీటర్లు. వంపు వ్యాసార్ధం పరుగు కొలిచే గీత దగ్గర 36.8 మీటర్లు. కొలత లోపలి అంచు మీద కాదు, దానికి 30 సెంటీమీటర్లు బయటికి తీసుకుంటారు. ముగింపు గీత దగ్గర మొదలుపెట్టి ఒక పిల్లవాడు ఆగకుండా 40 సెకన్లలో సగం చుట్టు పరుగెత్తాడు అనుకుందాం. దూరం 200 మీటర్లు, వడి సెకనుకు 5 మీటర్లు. ఇప్పుడు వాడు నిలబడ్డది మైదానానికి మూలగా అవతలి వైపు: పొడుగునా 84.39, అడ్డంగా 73.6. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 112 మీటర్లు. సరాసరి వేగం సెకనుకు 2.8 మీటర్లు, ఆ మూల దిశలో. మిగతా సగం కూడా అట్లనే పరుగెత్తి 80 సెకన్లకు మొదటి చోటికి వస్తే వడి 5 అలాగే ఉంటుంది, సరాసరి వేగం సున్నా అవుతుంది.

‘ఇంత ఉరికితే సున్నా ఏంది సార్’ అని ఒక్కడన్నా అడుగుతాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం ఎక్కినట్టే.

ఖాజీపేట జంక్షన్:
ట్రాక్ కన్నా రైలు లెక్కల్లనే ఎక్కువ మార్కులు పోతయి. వరంగల్ నుంచి ఖాజీపేటకు 10 కి.మీ. అనుకోండ్రి. పోవుడు 15 నిమిషాలు, అక్కడ 5 నిమిషాలు ఆగుడు, తిరిగి వచ్చుడు 20 నిమిషాలు. సరాసరి వడి ఎంతంటే క్లాసుల మూడు జవాబులొస్తయి. పోంగ గంటకు 40, రాంగ 30, రెండూ కలిపి సగం జేస్తే 35 అనేటోళ్లు ఎక్కువ. ఆగిన టైము ఇడిసిపెట్టి 20 కి.మీ.ని 35 నిమిషాలతోని భాగించి 34.3 అనేటోళ్లు కొందరు. సరైంది 30. మొత్తం దూరం 20, మొత్తం కాలం 40 నిమిషాలు, ఆగిన 5 కూడ అండ్లనే. వడుల సరాసరి వేరు, సరాసరి వడి వేరు. సగం జేసుడు ఎప్పుడు కుదురుతదంటే, రెండు వడుల మీద పోయిన కాలం సమానమైనప్పుడే. దూరాలు సమానమైతే కుదరదు.

సరాసరి వేగం మళ్ల సున్ననే. పోయే దిక్కు ధనం అనుకుంటే వచ్చే వేగం ఋణం 30. వడికి ఋణ గుర్తు ఎన్నడూ రాదు. గ్రాఫు గీయమంటే దూరం గీత పైకి ఎక్కుతది, లేకపోతే అడ్డంగ నిలబడ్తది, కిందికి దిగదు. స్థానభ్రంశం గీత దిగి సున్నకు వస్తది. పిల్లగాడు దూరం గ్రాఫును కిందికి దింపిండంటే వానికి ఏడ తేడా కొట్టిందో అండ్లనే కనబడ్తది.

సుబేదారి:
ఇది బాగున్నది. ప్రమాణాలు మార్చేకాడ గూడ తిప్పలైతున్నది.

ఖాజీపేట జంక్షన్:
గంటకు కి.మీ. నుంచి సెకనుకు మీటర్లు కావాలంటే 5తోని గుణించి 18తోని భాగించాలె. 54 అయితే 15. తలకిందులు జేస్తే 194 వస్తది, మన రైలు అంత ఉరకదు. జవాబు అంకె చిన్నగ కావాలె అని గుర్తుంటే చాలు.

నక్కలగుట్ట:
మాట దగ్గరికే వస్తే నాకు అసలు చిక్కు త్వరణం దగ్గర కనిపిస్తుంది. త్వరగా అన్న మాట చెవిలో ఉంటుంది కాబట్టి త్వరణం అంటే వడి పెరగడమనే అనుకుంటారు. వేగం మారే రేటు త్వరణం. వేగంలో దిశ కూడా ఉంది, కనుక దిశ మారినా త్వరణమే. మలుపులో స్పీడోమీటర్ ముల్లు 40 మీదనే కదలకుండా ఉండొచ్చు. అది చూపేది ఆ క్షణపు వడి మాత్రమే, బండి ఎటు పోతున్నదో దానికి తెలియదు. మడికొండ సార్ చెప్పిన ట్రాక్ వంపులో కూడా పిల్లవాడి వడి 5 దగ్గరే ఉంటుంది, అయినా త్వరణం ఉంది: 25ను 36.8తో భాగిస్తే సుమారు 0.68 మీటర్లు, సెకను వర్గానికి, వంపు కేంద్రం వైపు. వంపులో వాడి ఒళ్లు లోపలికి వాలడం అందుకే.

ములుగు రోడ్డు:
సదిశ అదిశ అని ఇంత పట్టుబడుతున్నారు కదా, మరి కాంతి వేగం, ధ్వని వేగం అని పుస్తకాలే రాస్తాయి. కాంతిది సెకనుకు 29,97,92,458 మీటర్లు అన్నప్పుడు దిశ ఏదీ చెప్పడం లేదు. లెక్క ప్రకారం కాంతి వడి అనాలి. పలాయన వేగం, అంటే ఒక వస్తువు భూమి ఆకర్షణను దాటిపోవడానికి కావలసిన వేగం, కూడా అంతే. భూమి ఉపరితలం నుంచి సెకనుకు 11.2 కి.మీ. చాలు, గాలి నిరోధం పక్కన పెడితే నిట్టనిలువుగా పోయినా ఏటవాలుగా పోయినా తప్పించుకుంటుంది. దిశతో పని లేనిదాన్ని వేగం అని ఎందుకంటున్నాం?

మడికొండ:
మీరన్నది సరే మేడం. కానీ కాంతి వేగం నాలుక మీద నిలబడిపోయింది. దాన్ని దిద్దబోతే పిల్లలు భౌతికశాస్త్రం వదిలి మన మీద పడతారు. పేరును బట్టి కాకుండా సూత్రంలో ఏం కావాలో చూడమనండి. గతిజ శక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) సూత్రంలో వేగానికి వర్గం ఉంది, ధన ఋణాలు పోతాయి, వడి ఉంటే చాలు. ద్రవ్యవేగంలో, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించినదానిలో, దిశ పోదు. గోడకు కొట్టిన బంతి అదే వడితో వెనక్కి వస్తే గతిజ శక్తి మారదు, ద్రవ్యవేగంలో మార్పు మాత్రం మొదటి ద్రవ్యవేగానికి రెండింతలు. సున్నా అని రాసినవాడు వేగం చోట వడి వేసినట్టు.

ములుగు రోడ్డు:
పలాయన వడి అనడంలో నష్టమేమీ లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. గాలి విషయంలో మాత్రం వేగం అనడమే సరి. అక్కడ కూడా జాగ్రత్త కావాలి: నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చేది, బాణం గుర్తు ఈశాన్యం వైపు గీయాలి. పేరు చూసి నైరుతి వైపు గీసేవాళ్లు చాలామంది.

కాళేశ్వరం రేవు:
మాకాడ గోదారి దాటే పడవను మించిన ఉదాహరణ లేదు. నది వెడల్పు 800 మీటర్లు, నీళ్ల మీద పడవ వడి సెకనుకు 2 మీటర్లు, పారకం 1.5 అనుకోండ్రి. ముక్కు సూటిగ అవతలి ఒడ్డుకు పెడితే 400 సెకన్లు, అంటే 6 నిమిషాల 40 సెకన్లల్ల చేరుతది, గని 600 మీటర్లు దిగువకు కొట్టుకపోయి చేరుతది. ఒడ్డు మీదికెల్లి చూసేటోనికి పడవ వేగం 2.5, ఏటవాలుగ. 2 గూడ 1.5 కలిపి 3.5 అంటే తప్పు, రెండు దిక్కులు లంబంగ ఉన్నయి.

ఎదురుంగున్న రేవులనే దిగాలంటే ముక్కు ఎగువకు పెట్టాలె, సూటి దారికి సుమారు 48.6 డిగ్రీలు. అప్పుడు అడ్డంగ పోయే భాగం 1.32కు పడిపోతది, దాటనీకి 605 సెకన్లు, పది నిమిషాలకు కొద్దిగ ఎక్కువ. తెడ్డేసే జోరు రెండింట్లనూ ఒక్కటే. పారకం 2 మీటర్లకు చేరిందంటే ఏ కోణంల పెట్టినా ఎదురు రేవు దొరకదు, దిగువన ఏడనో ఒకకాడ ఎక్కాల్సిందే.