శుద్ధి చేసిన మురుగునీరు పరిమితికి లోబడే ఉన్నా దిగువన చేపలు చనిపోతే బాధ్యత ఎవరిది?

ఏటిగట్టు:
మురుగునీటి శుద్ధి కేంద్రం నీళ్లు ఏటిలో కలిసే చోటికి దిగువన, ఆ ఏటి నీటినే చెరువులోకి తోడుకుని చేపలు పెంచుతున్నాను. గత వేసవిలో ఒక తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి చచ్చి తేలాయి. ఫిర్యాదు చేస్తే, బీవోడీ (నీటిలోని వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క) పరిమితిలోనే ఉందని ఒక్క ముక్క చెప్పి పంపించేశారు.

గాలితొట్టి:
ఇటువంటి కేంద్రంలోనే పనిచేస్తున్నవాడిగా చెబుతున్నాను. లీటరుకు 200 మిల్లీగ్రాములకు పైగా బీవోడీతో వచ్చే మురుగు మా దగ్గర 20 లోపుకు దిగి బయటికి పోతోంది. చెరువులోని నాచు రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి తెల్లవారేముందు చేపలకు ఊపిరాడకపోవడం ఏ చెరువులోనైనా జరిగేదే.

తెరచాప:
ఆ నాచుకు భాస్వరం, నత్రజని ఎక్కడి నుంచి అందుతున్నాయో కూడా చెప్పండి.

గాలితొట్టి:
మాట మార్చకండి. ఆరోపణ బీవోడీ మీద, అది పరిమితిలోనే ఉంది.

నీటిలెక్క:
గాలితొట్టి గారూ, బీవోడీ పరీక్ష మామూలుగా అయిదు రోజులే సాగుతుంది. పైగా చాలా చోట్ల అమోనియా వాడుకునే ఆక్సిజన్ అందులోకి రాకుండా మందు కలిపి పరీక్షిస్తారు. ఏటిలో అలా ఆపేవారు లేరు. ఒక గ్రాము అమోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే లీటరుకు 25 మిల్లీగ్రాముల అమోనియా నత్రజనితో నీరు వదిలితే, మీ కాగితం మీద బీవోడీ 20 అని ఉన్నా, ఏటి మీద లీటరుకు 100 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ అప్పు మిగిలే ఉంటుంది. ఇది చాలదన్నట్టు, నాచు పగలు నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) పెంచుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు ఒక శాతం కూడా లేని విష రూపపు అమోనియా, పీహెచ్ 9కి చేరితే మూడో వంతు దాటుతుంది.

ఏటిగట్టు:
కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి రాత్రిళ్లు శుద్ధి తొట్లలోకి గాలి పంపే బ్లోయర్లు ఆపేస్తున్నారని మా వైపు అందరూ అంటున్నారు. దీనికి జవాబు చెప్పండి.

గాలితొట్టి:
నన్ను దొంగను చేసి మాట్లాడకండి! నాకు అప్పగించిన కేంద్రాన్ని కర్బన వ్యర్థాలు తొలగించడానికే కట్టారు. అమోనియాను కూడా తీయాలంటే తొట్లు పెద్దవి కావాలి, బురదను ఎక్కువ రోజులు నిలపాలి, గాలి ఇంకా పంపాలి. వీటిలో ఏదీ నా చేతిలో లేదు. ఎగువన నీళ్లన్నీ మళ్లించి వేసవిలో ఏటిని ఎండగట్టింది కూడా నేనేనా?

బావిగిలక:
ఇంతసేపటికి అసలు సంగతి బయటపడింది.

నీటిలెక్క:
అవును, తగవు ఇక్కడే ఉంది. బ్రిటన్‌లో రాయల్ కమిషన్ 1912లో బీవోడీ 20, తేలియాడే ఘనపదార్థం 30 అని సూచించినప్పుడు, కలిసే నదిలో కనీసం ఎనిమిది రెట్ల నీరు ఉంటుందన్న షరతు మీద సూచించింది. ఆ అంకెలు అందరి నోళ్లలో నానాయి, షరతును మాత్రం మరిచారు. వేసవిలో ఏటిలో పారేదే మీ నీరయితే పరిమితిని ఏటి ఓపికను బట్టి నిర్ణయించాలి గానీ, కేంద్రం శక్తిని బట్టి కాదు.

గాలితొట్టి:
అలాగైతే ఏటి నీరు తగ్గినప్పుడల్లా నా పరిమితి మారుతుంది. దానికి తగిన నిర్మాణానికి డబ్బు ఇవ్వకుండా, అతిక్రమించానని నోటీసు మాత్రం నాకే ఇస్తారు. దీనికి నేను ఒప్పుకోను.

ఏటిగట్టు:
నోటీసు మీకే ఇవ్వాలని నేను పట్టుబట్టడం లేదు. విడుదల గొట్టం దగ్గర మధ్యాహ్నం పట్టిన ఒక్క సీసాతో సరిపెట్టకుండా, దిగువన తెల్లవారకముందు ఆక్సిజన్‌ను, ఎండ వేళ అమోనియాను, పీహెచ్‌ను కొలవండి.

గాలితొట్టి:
కొలవడానికి అభ్యంతరం లేదు. ఆ అంకెలను తీసుకొచ్చి నా అనుమతి పత్రంలో చేర్చడానికే అభ్యంతరం.

ఏటిగట్టు:
అందులో చేర్చకపోతే కొలిచి ప్రయోజనమేమిటి?