కోల్డింగ్‌హామ్ ప్రయర్ పదవి: హక్కు డర్హమ్‌దా, స్కాట్లాండ్‌దా?

పాతరాతలు:
స్కాట్లాండ్ తూర్పు తీరంలో, ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గర్లో కోల్డింగ్‌హామ్ అనే బెనెడిక్టైన్ (సెయింట్ బెనెడిక్ట్ నియమాలు పాటించే సన్యాసుల) మఠం ఉండేది. దాని పెద్దను ప్రయర్ అనేవాళ్లు. చిక్కంతా ఎక్కడంటే, మఠం ఉన్నది స్కాట్లాండ్ నేల మీద, ప్రయర్‌ను పంపేది మాత్రం ఇంగ్లండ్‌లోని డర్హమ్ మఠం. మధ్యలో ఎన్నో గొడవలు పడుతూ మూడున్నర శతాబ్దాలు నడిచిన ఈ ఏర్పాటుకు 1462లో తెరపడింది. ఆ ఊరి చుట్టుపక్కల బలిసిన హోమ్ వంశం వాళ్లు డర్హమ్ సన్యాసులను వెళ్లగొట్టారు. "పరాయి పెత్తనం వదిలింది" అనేవాళ్లున్నారు. నా దృష్టిలో అది పట్టపగలు కబ్జా. మీరేమంటారు?

సరిహద్దువాసి:
కబ్జా అనే ముందు మ్యాప్ చూడండి సార్. సరిహద్దు పట్టణం బెర్విక్ పక్కనే ఉంది ఆ మఠం. 1296 నుంచి రెండు దేశాలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి. అలాంటి చోట భూములు, రాతి కట్టడం, జనం అన్నీ శత్రుదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి చేతిలో ఉంటే ఏ రాజు నిద్రపోతాడు? అందుకే 1378లో రాజు రెండో రాబర్ట్ డర్హమ్ వాళ్లను బయటికి పంపి, మఠాన్ని డన్‌ఫర్మ్‌లిన్‌కు అప్పగించాడు. అదీ స్కాట్లాండ్‌లోని బెనెడిక్టైన్ మఠమే కదా. మతానికి వచ్చిన నష్టమేమీ లేదు.

పాతరాతలు:
అయితే ఆ భూమి డర్హమ్‌కు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. లాక్కున్నది కాదు. 1097లో ఇంగ్లండ్ రాజు విలియం రూఫస్ సైన్య సాయంతో ఎడ్గర్ స్కాట్లాండ్ సింహాసనం ఎక్కాడు. డర్హమ్‌లో సమాధి ఉన్న సెయింట్ కత్‌బర్ట్ దయ వల్లే గెలిచానని నమ్మి, కోల్డింగ్‌హామ్‌ను ఆయన సన్యాసులకు రాసిచ్చాడు. చర్చి ప్రతిష్ఠకు స్వయంగా వచ్చాడు. అక్కడి రైతులు ఒక్కో నాగలికి ఏటా అర మార్కు (అప్పటి డబ్బు లెక్క) వెండి మఠానికి కట్టాలని కూడా శాసనంలో ఉంది. ఎడ్గర్ శాసనాలు ఇప్పటికీ డర్హమ్‌లో భద్రంగా ఉన్నాయి, సింహాసనం మీద కూర్చున్న రాజు బొమ్మతో ముద్ర కూడా ఉంది. స్కాట్లాండ్ రాజే ఇచ్చాడు, స్కాట్లాండ్ రాజుల్లోనే ఒకడైన మొదటి జేమ్స్ 1424లో డర్హమ్ హక్కును మళ్లీ ఒప్పుకున్నాడు. ఇంతకన్నా కాగితాలు ఏం కావాలి?

లెక్కల మాస్టారు:
ఇద్దరూ ప్రయర్ ఏ దేశం వాడని కొట్టుకుంటున్నారు. నేను వేరే పదవి వైపు చూడమంటాను: బెయిలీ.

మఠం భూముల్లో కోర్టు నడపడం, తగాదాలు తీర్చడం, జరిమానాలు వేయడం, అవసరమైతే రైతులను కత్తి పట్టించి యుద్ధానికి నడిపించడం సన్యాసులు చేసే పనులు కావు. వాటికి బయటి నుంచి ఒక బలమైన కుటుంబాన్ని పెట్టుకునేవాళ్లు. కోల్డింగ్‌హామ్‌లో ఆ పనికి 1440లలో హోమ్ వంశంలోనే పోటీ. ఒకవైపు సర్ అలెగ్జాండర్ హోమ్, మరోవైపు బాబాయి వరసయ్యే వెడర్‌బర్న్ డేవిడ్ హోమ్. ఆ ఇద్దరూ బెయిలీ పదవి కోసం తన్నుకుంటుంటే మధ్యలో ప్రయర్ నలిగిపోయాడు. చివరికి అలెగ్జాండర్‌దే పైచేయి అయింది. ఆ గెలుపే అన్నిటికీ మూలం. ఒకసారి ఊరి మీద పట్టు చిక్కాక ప్రయర్ కుర్చీని మాత్రం ఎందుకు వదులుతారు? వాళ్లలో చర్చి ఉద్యోగి అయిన పాట్రిక్ హోమ్ రోమ్‌లో పోప్ దగ్గర తన పేరు రాయించుకొచ్చాడు. మరుసటేడాది ఇంగ్లిష్ సన్యాసులు బయట. డర్హమ్ 1478 దాకా కేసు నడిపి, డబ్బూ ఓపికా అయిపోయి వదిలేసింది.

ఇక దేశభక్తి సంగతి. స్కాట్లాండ్ రాజు మూడో జేమ్సే మఠాన్ని రద్దు చేసి, ఆ ఆదాయంతో తన రాజ ప్రార్థనాలయం పోషించుకుంటానన్నాడు. 1487లో పార్లమెంటు, దీనికి అడ్డొచ్చినవాడు రాజద్రోహి అన్నది. హోమ్‌లు "మన రాజు కదా" అని తలవంచారా? తిరగబడ్డారు. 1488 జూన్ 11న సాచీబర్న్ యుద్ధంలో రాజే పోయాడు. డర్హమ్ వాడైనా ఒకటే, సొంత రాజైనా ఒకటే. వాళ్ల ఆదాయం జోలికొస్తే అంతే.

సరిహద్దువాసి:
మాస్టారూ, బెయిలీ సంగతి బాగుంది. కానీ ఒక మఠం కోసం రాజును చంపారన్నట్టు రాయకండి. మూడో జేమ్స్‌కు తమ్ముడు ఆల్బనీతో వైరం, ఇంగ్లండ్‌తో స్నేహం మీద ప్రభువుల కోపం, రాగి కలిపిన చెత్త నాణేల గొడవ, చివరికి సొంత కొడుకే తిరుగుబాటుదారుల వైపు. కోల్డింగ్‌హామ్ అందులో ఒక్క పాయ.

లెక్కల మాస్టారు:
ఒక్క పాయే, కాదనను. హోమ్‌లను గుర్రం ఎక్కించిన పాయ మాత్రం అదే.

కొత్తగా వచ్చా:
నాదో చిన్న డౌట్. బెనెడిక్ట్ నియమావళి ప్రకారం పెద్దను సన్యాసులే ఎన్నుకోవాలి కదా? ఇక్కడ వాళ్లను ఎవరైనా అడిగారా?

పాతరాతలు:
అది స్వతంత్ర మఠాల సంగతి అండి. కోల్డింగ్‌హామ్ డర్హమ్‌కు శాఖ. శాఖకు ప్రయర్‌ను తల్లి మఠమే వేస్తుంది, నచ్చకపోతే వెనక్కి పిలుస్తుంది. ఆ చివరి మాటే ముఖ్యం. వెనక్కి పిలవగలిగే పైవాడు ఉన్నంతకాలం ప్రయర్ లెక్క చెప్పాల్సిందే.

డర్హమ్ పోయాక ఏమైందో చూడండి. 1541లో ఐదో జేమ్స్ రాజు కోల్డింగ్‌హామ్‌ను తన అక్రమ సంతానం జాన్ స్టూవర్ట్‌కు ఇప్పించాడు. అప్పటికి పదేళ్ల పిల్లాడు! సన్యాసం లేదు, కమెండేటర్ అనే పేరుతో ఆదాయం మాత్రం తన పేరిట. ఇంకో కొడుకు జేమ్స్‌కు 1538లోనే సెయింట్ ఆండ్రూస్ ప్రయరీ, మరో కొడుక్కి హోలీరూడ్. ఆ జేమ్సే పెద్దయ్యాక ప్రొటెస్టెంట్ల నాయకుడై, మోరే ఎర్ల్ అనే బిరుదుతో దేశాన్ని ఏలి, 1570లో లిన్‌లిత్‌గోలో తుపాకీ గుండుకు పోయాడు. సెయింట్ ఆండ్రూస్ కాథలిక్ మఠాధిపతిగా ఆయన పేరు రాసి ఉండటం తమాషా కాదా?

సరిహద్దువాసి:
పిల్లాడికి ఇవ్వడాన్ని నేనూ సమర్థించను. కానీ వెనక్కి పిలిచే అధికారాన్ని మరీ ఎత్తకండి. పదిహేనో శతాబ్దానికి అక్కడున్న ఇంగ్లిష్ సన్యాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ప్రయర్‌ను డర్హమ్ పిలిచినా, ఉంచినా, ఊళ్లో ఒక్క రైతు కూడా హోమ్‌ల మాట దాటి కదిలేవాడు కాదు. లెక్క ఎవరికి చెప్పాడన్నది డర్హమ్ పుస్తకాల్లో ఉంటుంది. కోర్టు ఎవరు నడిపారో చెప్పండి, పెద్ద ఎవరో నేను చెప్తా.