గుడి లెక్కలు ఆర్టీఐలో ఇవ్వనంటున్నారు: రెండో అప్పీలా, కొత్త దరఖాస్తా?

మాది ఆంధ్రప్రదేశ్. దేవాదాయ శాఖ ఈవో (కార్యనిర్వహణాధికారి) ఉన్న గుడి. గుడి డబ్బు ప్రభుత్వం తినేస్తోందని ఒక పార్టీ, ప్రభుత్వమే గుళ్లకు పెడుతోందని ఇంకో పార్టీ. కాగితం మాత్రం ఎవరూ చూపించరు. అందుకే సమాచార హక్కు చట్టం కింద జనవరి 6న ఈవోకి దరఖాస్తు పెట్టాను. మూడేళ్ల మాన్యం కౌలు వేలం రికార్డులు, 1987 దేవాదాయ చట్టం సెక్షన్ 65 కింద శాఖకు కట్టిన మొత్తం, సర్వశ్రేయోనిధికి (గుళ్ల ఉమ్మడి నిధికి) వెళ్లింది, ఆడిట్ రిపోర్టులు అడిగాను.

ఫిబ్రవరి 3న జవాబు వచ్చింది: 'దేవస్థానం ప్రభుత్వ నిధులతో నడవడం లేదు, సెక్షన్ 2(హెచ్) వర్తించదు.' ఏ సంస్థ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందో చెప్పేది ఈ 2(హెచ్). ఈవో జీతం, నియామకం సంగతి ఎత్తనే లేదు! ఫిబ్రవరి 10న మొదటి అప్పీలు వేశాను. మార్చి 24న అదే వాక్యంతో కొట్టేశారు. జిల్లా దేవాదాయ కార్యాలయంలో నోటిమాటగా అడిగితే 'గుడిలోనే అడగండి' అన్నారు.

రెండో అప్పీలుకు 90 రోజుల గడువు, అంటే జూన్ 22. కానీ 2013లో కేరళ సహకార బ్యాంకు కేసు (తలప్పాలం తీర్పు)లో సుప్రీంకోర్టు, ఒక సంస్థ 2(హెచ్) కిందికి రావడానికి కేవలం ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటే చాలదంది. అదే తీర్పు, వేరే చట్టం కింద అధికారి తెప్పించుకోగల సమాచారాన్ని సెక్షన్ 2(ఎఫ్) కింద ఆ అధికారినే అడగొచ్చనీ చెప్పింది. ఈ 2(ఎఫ్) దారే నాకు గట్టిగా కనిపిస్తోంది.

గుడి లెక్కలు నిజంగా చేతికి తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయడం మేలా, జిల్లా కార్యాలయానికి 2(ఎఫ్) కింద కొత్త దరఖాస్తు పెట్టడం మేలా?