ఉబ్బసం, గురక, పుచ్చిన పళ్లు: మా అబ్బాయిని ముందుగా ఏ వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి?

ప్రశ్న: ఒక తల్లి, పాకాల

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. చలి మొదలై ఊళ్లో చెరకు గానుగలు ఆడే రోజులు వచ్చేసరికి ఏటా వాడికి ముక్కు దిబ్బడ వేస్తుంది, రాత్రిళ్లు దగ్గు ఎక్కువవుతుంది, కొన్నిసార్లు పిల్లికూతలతో ఆయాసం కూడా వస్తుంది. పిల్లల వైద్యులు పరీక్షించి ఉబ్బసమని చెప్పి, రోజూ బుడెసోనైడ్ ఇన్‌హేలర్, ఆయాసం వచ్చినప్పుడు మాత్రం సాల్‌బ్యుటమాల్ వాడమన్నారు. అవి మొదలుపెట్టాక ఆసుపత్రిలో చేర్చవలసిన పరిస్థితి రాలేదు.

ఇప్పుడు బెంగ పళ్ల గురించి. వాడు నోరు తెరుచుకునే నిద్రపోతాడు, గురక పెడతాడు, తెల్లవారేసరికి పెదవులు ఎండిపోయి పగిలి ఉంటాయి. పై పళ్లు ముందుకు వస్తున్నాయి. కింది దవడలో వెనుక పన్నుకు నల్లటి గుంట పడింది, నాలుక మీద అక్కడక్కడా తెల్లటి పూత కనిపిస్తోంది. ఇదంతా ఇన్‌హేలర్ మందు వేడి వల్లేనని, దాన్ని మాన్పించమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. గుంట పడినది పాలపన్నే కాబట్టి ఎలాగూ ఊడిపోతుందని ఇంకొందరు అంటున్నారు. ముందుగా ఎవరికి చూపించాలి? పళ్లకు క్లిప్పులు ఇప్పుడే వేయించాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పిల్లల దంతవైద్యురాలు, తిరుపతి

అమ్మా, మీ అత్తగారి భయం అర్థమైంది గానీ ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. పళ్లకు పడిన గుంటను పూడ్చవచ్చు, అదుపు తప్పిన ఉబ్బసం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మందులకు, నోటికి సంబంధం లేదని కూడా నేను అనను. సాల్‌బ్యుటమాల్ వంటి మందులు లాలాజలాన్ని కొంత తగ్గిస్తాయి. బుడెసోనైడ్ నోట్లోనే మిగిలిపోతే ఒక రకమైన బూజు పెరిగి తెల్లటి పూతలా కనిపిస్తుంది. మీరు చెప్పిన పూత అదే కావచ్చు. చూసి నిర్ధారిస్తే దానికి మందు సులభమే. రాకుండా చూసుకోవడం ఇంకా సులభం. ఇన్‌హేలర్‌ను నేరుగా నోట్లో పెట్టకుండా స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టంతో, ఇవ్వండి, ఇచ్చిన ప్రతిసారీ నీళ్లతో నోరు, గొంతు పుక్కిలించి ఉమ్మేయించండి. ఉదయం, రాత్రి పళ్లు తోమడానికి ముందే మందు ఇచ్చే అలవాటు చేస్తే పుక్కిలించడం మరచిపోరు. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో లోపల తుడవవద్దు.

నాకు ఇన్‌హేలర్ కన్నా వాడు నోటితో ఊపిరి తీసుకోవడమే పెద్ద కారణంగా తోస్తోంది. లాలాజలం పళ్లను కడుగుతుంది, ఆమ్లాన్ని విరుస్తుంది, పంటి పైపొరకు ఖనిజాలను తిరిగి అందిస్తుంది. నిద్రలో అది ఎలాగూ తక్కువ ఊరుతుంది, ఆ కొంచెం కూడా నోరు తెరిచి ఉంటే ఆరిపోతుంది. ఇలాంటి పిల్లల పై పెదవి ఎత్తి చూస్తే ముందు పళ్ల చిగురు ఎర్రగా, వాచినట్లు, ఆరి మెరుస్తూ ఉంటుంది. ఈ రోజే వెలుతురులో చూడండి. పైగా నోరు మూసినప్పుడు నాలుక అంగిలిని ఆనుకుని పై దవడ వెడల్పుకు ఆసరాగా ఉంటుంది. నోరు ఎప్పుడూ తెరిచే ఉంటే నాలుక కిందికి జారుతుంది, అంగిలి ఇరుకై పైకి లేస్తుంది, పళ్లు ముందుకు తోసుకొస్తాయి. ముక్కు మూసుకుపోవడానికి కారణం తెలియకుండా క్లిప్పులు వేయిస్తే అవి తీశాక పళ్లు మళ్లీ జరిగే ప్రమాదం ఉంది. అందుచేత ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించండి. అది ఎలర్జీ జలుబా, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్ గ్రంథి పెరగడమా, రెండూనా అన్నది వారు తేలుస్తారు.

ఇక ఆ గుంట. వెనుక పన్ను అన్నారు కాబట్టి అది పాలపన్ను కాకపోవచ్చు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వరసకు వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ఊడిన పన్ను లేకపోవడంతో చాలామంది తల్లిదండ్రులు దాన్ని పాలపన్నే అనుకుని వదిలేస్తారు, పన్నెండేళ్లు వచ్చేసరికి రూట్ కెనాల్ దాకా పోతుంది. ఈ ఒక్క పొరపాటు వల్ల పాడైన పళ్లను రోజూ చూస్తుంటాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చెవి, ముక్కు, గొంతు వైద్యుల పరీక్ష అయ్యే వరకు ఈ గుంట సంగతిని వాయిదా వేయవద్దు, ఈ వారంలోనే దంతవైద్యులకు చూపించండి. వెళ్లేటప్పుడు సాల్‌బ్యుటమాల్ చేతిలో ఉంచుకోండి, ఆయాసం ఉన్న రోజు వెళ్లవద్దు. ఉబ్బసం ఉన్న కొందరికి ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు పడవు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి.

జవాబు: ఒక తండ్రి, చిత్తూరు

మా అమ్మాయికి కూడా చిన్నప్పుడు అడినాయిడ్స్ పెరిగాయి. ఎక్స్‌రే తీసి, ముక్కులో కొట్టే మొమెటాసోన్ స్ప్రే కొంతకాలం వాడించారు, శస్త్రచికిత్స లేకుండానే గురక తగ్గింది. ఆ గ్రంథి యుక్తవయసు వచ్చేసరికి దానంతట అదే కుంచించుకుపోతుందని వైద్యులు చెప్పారు కాబట్టి మీరు కంగారుపడి ఆపరేషన్‌కు తొందరపడవద్దు. పదిహేనేళ్ల వయసులో ఒకసారి జలుబుతో పాటు పైదవడ పళ్లన్నీ నొప్పిగా ఉన్నాయంటే పళ్లు చూపించాం, పళ్లలో లోపమేమీ లేదు. సైనస్ వాపు వల్ల వచ్చిన నొప్పి అని తేలింది, జలుబుతోనే తగ్గిపోయింది.

జవాబు: పిల్లల దంతవైద్యురాలు, తిరుపతి

సార్ చెప్పింది నిజమే, చాలామంది పిల్లలకు మందులే సరిపోతాయి. అయితే పిల్లవాడు నిద్రలో కొన్ని క్షణాలు ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్లు గట్టిగా గాలి పీలుస్తున్నాడా అని రాత్రి దగ్గర కూర్చుని గమనించండి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి వైద్యులకు చూపించండి. పగలు తరగతిలో తూగడం, మానిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, తరచూ చెవిపోటు రావడం వంటివి ఉంటే గ్రంథి కుంచించుకుపోయే దాకా ఎదురుచూడడం సరికాదు. ఇరుకైన పై దవడను వెడల్పు చేసే చికిత్స కూడా ఎముక ఎదుగుతున్న ఈ వయసులోనే బాగా పనిచేస్తుంది.

జవాబు: ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, పూతలపట్టు

అమ్మా, గానుగ సంగతి మీరు ఒక్క మాటతో వదిలేశారు గానీ మా వైపు పిల్లల విషయంలో అది చాలా ముఖ్యం. బెల్లం వండే పొయ్యిలో చెరకు పిప్పి రోజంతా మండుతుంది, ఆ పొగ చలికాలపు గాలిలో నేల దగ్గరే నిలిచిపోతుంది. బెల్లం రంగు కోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపేచోట వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం తెప్పిస్తుంది. పొయ్యి దగ్గర నిలబడి వేడి బెల్లం తినడం పిల్లలకు సరదాయే, నేనూ కాదనను. కానీ ఆ రోజుల్లో మీ వాడిని అక్కడికి పంపకండి. ఇంటికి తెచ్చిన బెల్లాన్ని అన్నంతో పాటు ఒక్కసారే పెట్టండి, జేబులో గడ్డ పెట్టుకుని రోజంతా చప్పరించనివ్వకండి. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరిగి, సర్దుకోవడానికి అరగంట దాకా పడుతుందట. భోగి మంటలకు, సాంబ్రాణి పొగకు, దోమల చుట్టకు కూడా వాడిని దూరంగా ఉంచండి.

మరొక విషయం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షించి పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు ఉంది. అందులో పుచ్చిన పళ్లు, ఉబ్బసం వంటి శ్వాస సమస్యలు రెండూ ఉన్నాయి. బృందం బడికి వచ్చిన రోజున గురక, నోరు తెరిచి నిద్రపోవడం గురించి పిల్లవాడు తనంతట తాను చెప్పలేడు, మీరే ఒక కాగితం మీద రాసి పంపండి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం, చెవి, ముక్కు, గొంతు విభాగం రెండూ ఉన్నాయి కనుక ఒకే ప్రయాణంలో చూపించుకోవచ్చు.

జవాబు: ఒక తల్లి, పాకాల

అందరికీ కృతజ్ఞతలు. మేడం చెప్పినట్లు పెదవి ఎత్తి చూశాను, చిగురు నిజంగానే ఎర్రగా వాచి ఉంది. ఒక్క సందేహం. రాత్రి దగ్గుకు తియ్యటి సిరప్ తాగించి పడుకోబెడుతున్నాను, ఫరవాలేదా? ఏ పేస్ట్ వాడాలి?

జవాబు: పిల్లల దంతవైద్యురాలు, తిరుపతి

పడుకునే ముందు తియ్యటి సిరప్ పళ్లకు మంచిది కాదు. అంతకన్నా ముఖ్యంగా, ఉబ్బసం ఉన్న బిడ్డకు రాత్రి దగ్గు ఆగడం లేదంటే రోజువారీ మందు సరిపోవడం లేదని గానీ, పీల్చే పద్ధతి సరిగా లేదని గానీ అర్థం. సిరప్‌తో అణచకుండా పిల్లల వైద్యుల ముందు వాడి చేత ఇన్‌హేలర్ పీల్పించి చూపించండి. ఏదైనా సిరప్ తప్పనిసరి అయితే చక్కెర లేనిది అడిగి, పళ్లు తోమడానికి ముందే తాగించండి. పేస్ట్ ఏ కంపెనీదైనా సరే, పెట్టె మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం లేదా అంతకు కొంచెం ఎక్కువ అని ఉండాలి. రాత్రి తోమాక నురుగు ఉమ్మేయించండి, తర్వాత నీళ్లతో పుక్కిలించనివ్వకండి. వాడికి తొమ్మిదేళ్లే కాబట్టి వెనుక పళ్ల దాకా బ్రష్ వెళ్లేలా మరి కొన్నాళ్లు మీరే దగ్గరుండి తోమించండి.